మేడం, మళ్లీ ట్యాబ్ కొనాలా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి కంప్యూటర్ సిలబస్ గురించి చెబుతూ, "ఈ టర్మ్‌లో పిల్లలకు ట్యాబ్‌లు నేర్పిస్తున్నాం" అన్నాను. వెనక వరుసలోంచి ఒక తల్లి లేచి, "మేడం, మళ్లీ ట్యాబ్ కొనాలా? పోయినేడే పైసలు కట్టినం గదా" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదనిపించింది. మన దగ్గర ట్యాబ్ అంటే పలకలా చేతిలో పట్టుకునే పరికరం. ఫీజు రసీదులో దానికొక వరుస ఉంటుంది. కీబోర్డు మీద ఎడమ వైపు ట్యాబ్ అని రాసి ఉన్న మీట రెండో ట్యాబ్. నేను చెప్పింది మూడో ట్యాబ్ గురించి. కంప్యూటర్‌లో ఫైళ్లు చూసే కిటికీ పైభాగాన, పుస్తకంలో పేజీ గుర్తుకోసం అంటించిన కాగితం ముక్కలా కనిపిస్తుంది. దానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కొత్త కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది. వాడేవాళ్లే తక్కువ.

ఈ నెల ఆ చిన్న విషయం గురించే రాస్తున్నాను. మన పిల్లలకు కోడింగ్, రోబోటిక్స్, ఏఐ కంటే ముందు రావలసింది ఇదేనని నా అభిప్రాయం. తన ఫైలు ఎక్కడుందో పిల్లకు తెలియాలి. దాన్ని తన చేత్తో తీయగలగాలి, పేరు మార్చగలగాలి, సరైన చోట పెట్టగలగాలి. ఇది రాకపోతే ఎన్ని కోర్సులు చేసినా, ఆఖరి తేదీ రోజున ఇంకొకరి కుర్చీ వెనక నిలబడి బతిమాలుకోవలసిందే.

ఆఖరి తేదీ సాయంత్రం

మన దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. ఇంటర్ అయ్యాక ఒక కోర్సులో చేరడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఖరి తేదీ వచ్చేసింది. వాళ్ల నాన్న పొలం పని ఆపుకొని, బండి మీద వనపర్తికి తీసుకొచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. నెట్ సెంటర్ నిండా జనం. సర్టిఫికెట్లన్నీ ఫోన్‌లో, వాట్సాప్‌లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి పంపితే అన్నీ పోయి డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో పడ్డాయి. పేర్లేమో డాక్ 1, డాక్ 1 (2), డాక్ 1 (3). ఒక్కోటి తెరిచి చూసే తీరిక ఆపరేటర్‌కు లేదు. పక్కన నిలబడ్డ అమ్మాయికి ఏది ఏదో చెప్పడం రాలేదు.

కుల ధ్రువీకరణ పత్రం అడిగిన చోట ఆమెది కాకుండా తమ్ముడిది ఎక్కింది. ఇద్దరి పత్రాలూ చూడడానికి ఒకేలా ఉంటాయి. ఇంటి పేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే. తేడా బయటపడింది పదిహేను రోజుల తర్వాత, దరఖాస్తు తిరస్కరించామని మెసేజ్ వచ్చినప్పుడు. మలి విడతలో సీటైతే వచ్చింది. కోరుకున్న కాలేజీలో మాత్రం రాలేదు.

తర్వాత ఒకరోజు స్కూలుకు వచ్చి ఇదంతా చెప్పి, చివర్న ఒక మాట అన్నది. "మేడం, నాకు పదోల కంప్యూటర్‌ల వందకు తొంభై ఆరు వచ్చినయి గదా. మరి నాకెందుకు రాలే?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తొంభై ఆరు వేసింది నేనే. ఆ పేపర్లో "ఏవేని ఐదు షార్ట్‌కట్ కీలు రాయుము" అనే ప్రశ్న ఉంది. ఆమె ఐదూ తప్పు లేకుండా రాసింది, ఐదుకు ఐదు వేశాను. ఆ ఐదింటిలో ఒక్కదాన్నైనా మెషీన్ మీద నొక్కి చూపించమని నేను ఎప్పుడూ అడగలేదు.

కాగితం ఉండడం వేరు, దొరకడం వేరు

ఈ తేడా మన పాలమూరు పెద్దలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. భూమి తగాదా వచ్చిందంటే చాలు, 1954-55 నాటి కాస్రా పహాణీ ఎక్కడుందని అడుగుతారు. కాగితం ఉంటుంది. కానీ ఏ బస్తాలో, ఏ కట్టలో ఉందో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి ముందు చేతులు కట్టుకొని నిలబడిన తాతలు మన ఇళ్లలో ఉన్నారు.

ఇప్పుడు ఆ బస్తాలు కంప్యూటర్లలోకి వచ్చాయి. 2011లో మీసేవ మొదలైంది. డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ ద్వారా జరుగుతున్నాయి. భూముల రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి. ఉద్యోగానికైనా, స్కాలర్‌షిప్‌కైనా, మన ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో సీటుకైనా ముందు తెర మీదే తలుపు తట్టాలి. అయితే ఒక సంగతి మాత్రం పాతదే. కాగితం ఎక్కడుందో తెలిసినవాడి చేతిలోనే పని ఉంటుంది. మన ఇంటి ఫైళ్ల జాడ తెలిసిన మనిషి మన ఇంట్లోనే ఉండాలి. ఆ మనిషి మన బిడ్డే ఎందుకు కాకూడదు?

ఇంకో సంగతి కూడా ఉంది. ఆధార్ కార్డు, ఆదాయ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, సంతకం ఫొటో. ఇవన్నీ ఎవరిదో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్‌లో వదిలేసి వస్తున్నాం. పని అయ్యాక వాటిని తుడిచేయమని అడగాలన్న ఆలోచన కూడా రాదు. ఫైలు ఎక్కడ పడిందో తెలిస్తే కదా తుడవడం!

చంకలో పిల్ల, ఊరంతా వెతుకులాట

ఇది మన ఊరి పిల్లల లోపమేమో అనుకోకండి. 2021 సెప్టెంబరులో అమెరికాలో 'ద వర్జ్' అనే పత్రిక ఇదే విషయం మీద పెద్ద కథనం వేసింది. కేథరిన్ గార్లండ్ అనే ఖగోళ భౌతిక శాస్త్ర అధ్యాపకురాలు 2017లో ఇంజనీరింగ్ కోర్సు ఒకటి చెబుతుండగా, ఫైలు దొరకడం లేదని విద్యార్థులు వరుసగా సహాయం అడిగారట. "ఎక్కడ సేవ్ చేశారు?" అని ఆమె అడిగితే వాళ్లకు ఆ ప్రశ్నే అర్థం కాలేదట. వాళ్లు తెలివి తక్కువ వాళ్లు కారు. ఫోల్డర్ అనే ఆలోచనే లేకుండా పెరిగిన పిల్లలు.

కారణం మన జేబులోనే ఉంది. ఫోన్‌లో ఫొటోలు గ్యాలరీలో ఉంటాయి, పాటలు పాటల యాప్‌లో ఉంటాయి, పీడీఎఫ్‌లు వాట్సాప్ చాట్‌లో ఉంటాయి. అవి నిజంగా ఏ ఫోల్డర్‌లో కూర్చున్నాయో ఫోన్ చూపించదు. ఐఫోన్ 2007లో వస్తే, ఫైళ్లను ఫోల్డర్లుగా చూపించే ఫైల్స్ యాప్ దానిలోకి 2017లో గానీ రాలేదు. పదేళ్ల పాటు ఆ అవసరమే లేదన్నట్టు నడిచింది. అలాంటి ఫోన్లు పట్టుకొని పెరిగిన మన పిల్లలు రీల్ ఎడిట్ చేస్తారు, గేమ్‌లో మనల్ని చిత్తుగా ఓడిస్తారు. సైన్స్ ప్రాజెక్టు ఏ ఫోల్డర్‌లో పెట్టావని అడిగితే మాత్రం మొహం తేలేస్తారు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, ఫైలు అదే కంప్యూటర్‌లో ఉంటుంది, మళ్లీ కొత్తగా టైపు చేస్తారు.

అసలు పాఠం ఇంతే

ఆ అమ్మాయి ఆ సాయంత్రం తానే కుర్చీలో కూర్చొని ఉంటే ఏం చేసి ఉండవచ్చో చెబుతాను. పిల్లలతో కలిసి మీరూ చేసి చూడండి. పది నిమిషాలు చాలు.

విండోస్ మీట పట్టుకొని ఈ నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. అందులో డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లాలి. ఇప్పుడు కంట్రోల్ పట్టుకొని టీ నొక్కితే, అదే కిటికీలో పక్కన ఇంకో ట్యాబ్ వస్తుంది. ఆ రెండో ట్యాబ్‌లో డాక్యుమెంట్స్‌కు వెళ్లి, కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే కొత్త ఫోల్డర్ తయారవుతుంది. దానికి తన పేరు పెట్టుకొని, ఎంటర్ కొట్టి లోపలికి వెళ్లాలి. ఇప్పుడు వచ్చిన ఫైళ్లు ఒక ట్యాబ్‌లో ఉన్నాయి, చేరవలసిన ఇల్లు ఇంకో ట్యాబ్‌లో ఉంది. కంట్రోల్ పట్టుకొని ట్యాబ్ మీట నొక్కిన కొద్దీ ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వెళ్లవచ్చు.

మొదటి ట్యాబ్‌లో బాణం మీటలతో ఫైలు మీదికి వెళ్లి ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. ఎవరి పత్రమో చదివి మూసేయాలి. తర్వాత ఎఫ్2 నొక్కి పేరు మార్చాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2తో పాటు ఎఫ్‌ఎన్ మీట కూడా పట్టుకోవాలి. పేరు ఎలా ఉండాలంటే, తెరవకుండానే లోపల ఏముందో తెలియాలి. ముందు మనిషి పేరు, తర్వాత పత్రం పేరు, తర్వాత సంవత్సరం. తేదీ రాయాల్సి వస్తే సంవత్సరం, నెల, రోజు వరుసలో 2025-06-14 అని రాయమని పిల్లలకు చెబుతాను. అలా రాస్తే పేర్ల వరుసలో పాతవి ముందు, కొత్తవి తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి.

పేరు మార్చాక కంట్రోల్ ఎక్స్, తర్వాత కంట్రోల్ ట్యాబ్, తర్వాత కంట్రోల్ వీ. ఫైలు తన ఇంటికి చేరింది. దాని మీద ఉండి ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఎన్ని కేబీలు ఉందో చూపిస్తుంది. ఫొటో ఇన్ని కేబీల లోపు ఉండాలి, సంతకం ఇన్ని కేబీల లోపు ఉండాలి అని దరఖాస్తులు పెట్టే నియమం మీకు తెలిసిందే. అప్‌లోడ్ చేశాక ఎర్ర అక్షరాలు చూసి బెంబేలెత్తే బదులు, ముందే చూసుకోవచ్చు. పైన ఉన్న ఫోల్డర్‌కు వెళ్లాలంటే ఆల్ట్ పట్టుకొని పై బాణం. పని అయ్యాక కంట్రోల్ డబ్ల్యూ నొక్కితే ఆ ట్యాబ్ మూసుకుంటుంది. ట్యాబ్ మూసినంత మాత్రాన ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఈ ఒక్క మాట ముందే చెబితే పిల్లల్లో సగం భయం పోతుంది.

భయపడాల్సినవి కూడా రెండున్నాయి. డిలీట్ నొక్కితే ఫైలు రీసైకిల్ బిన్‌లోకి పోతుంది, తిరిగి తెచ్చుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకొని డిలీట్ నొక్కితే బిన్‌లోకి కూడా రాదు. అలాగే పెన్‌డ్రైవ్‌లోంచి డిలీట్ చేసినవి మామూలుగా బిన్‌లోకి రావు. మిగతా పొరపాట్లకు, అంటే తప్పు పేరు పెట్టినా, తప్పు చోట పడేసినా, వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది.

విండోస్ 11లో ఫైళ్ల కిటికీకి ట్యాబ్‌లు 2022 చివర్లో వచ్చాయి. మ్యాక్ కంప్యూటర్లలో 2013లో, లైనక్స్‌లో చాలామంది వాడే గ్నోమ్ ఫైల్ మేనేజర్‌లో 2008లోనే వచ్చాయి. మీ ఇంట్లో విండోస్ 10 ఉంటే అందులో ఈ ట్యాబ్‌లు ఉండవు. రెండు కిటికీలు తెరిచి, ఒకదానికి విండోస్ మీటతో ఎడమ బాణం, ఇంకోదానికి కుడి బాణం నొక్కండి. చెరో సగంలో నిలబడతాయి. పని అదే.

ఈ మీటలు ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతిని 1970లలో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన సహచరులు రూపొందించారు. 1983లో వచ్చిన యాపిల్ లీసా కంప్యూటర్‌లో జెడ్, ఎక్స్, సీ, వీ అక్షరాలు ఈ పనులకు స్థిరపడ్డాయి. కీబోర్డు కింది వరుసలో ఆ నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. కుడి చేయి మౌస్ మీద ఉండగానే ఎడమ చేత్తో నొక్కవచ్చు. మామూలు మనిషికి కంప్యూటర్ సులువుగా ఉండాలని జీవితమంతా పాటుపడిన టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు. పిల్లలకు ఈ కథ చెప్పి, ఆ నాలుగు మీటల మీద వేళ్లు పెట్టమంటే మళ్లీ మరిచిపోరు.

మీరు అడిగిన ప్రశ్నలు

ఈ విషయం మీటింగ్‌లో చెప్పినప్పుడు కొందరు తల్లిదండ్రులు ఎదురు ప్రశ్నలు వేశారు. అవన్నీ న్యాయమైనవే.

"జేఈఈ మెయిన్‌లో కీబోర్డే పనిచేయదు గదా మేడం, మౌస్‌తోనే జవాబులు పెట్టాలె. ఇక షార్ట్‌కట్‌లు ఎందుకు?" అని ఒక తండ్రి అడిగారు. నిజమే. ఆ పరీక్షలో అంకెలు కూడా తెర మీద కనిపించే మీటలను మౌస్‌తో నొక్కే వేయాలి. కానీ ఆ పరీక్ష మూడు గంటలు. దానికి ముందు దరఖాస్తు ఉంది, తర్వాత కౌన్సెలింగ్ ఉంది, ఆ తర్వాత నాలుగేళ్ల పాటు ల్యాబ్‌లు, రికార్డులు, ప్రాజెక్టులు ఉన్నాయి. మూడు గంటల కోసం ఆరేళ్లు తయారు చేస్తున్నాం. నాలుగేళ్ల కోసం వారానికి ఒక పీరియడ్ ఇస్తే తప్పేముంది?

"సెర్చ్‌లో వెతికితే దొరుకుతుంది గదా?" దొరుకుతుంది, పేరు సరిగ్గా పెట్టి ఉంటే. డాక్ 1 (3) అని ఉన్నదాన్ని ఏమని వెతుకుతారు?

"ఇప్పుడు ఏఐ వచ్చింది, అన్నీ అదే చేస్తుంది గదా?" చేయవచ్చు. కానీ దానికి ఏ ఫైలు ఇవ్వాలో మనకే తెలియాలి. తమ్ముడి పత్రం ఇచ్చి అక్క పని చేయమంటే, అది తమ్ముడి పత్రంతోనే చేస్తుంది.

"మౌస్‌తో చేస్తే కాదా?" అవుతుంది. మౌస్‌తో చేసే పిల్లను నేను తక్కువ చేయను. మొదట మౌస్‌తోనే నేర్పిస్తాను. కానీ రోజూ ఇరవై సార్లు చేసే పనికి మీట తెలిస్తే చేయి అలసిపోదు, ఆలోచన తెగదు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పాడైన రోజు పని ఆగదు. ఇంకో మాట కూడా చెప్పాలి. చూపు లేని విద్యార్థులు మౌస్ బాణాన్ని చూడలేరు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకొని, మొత్తం కంప్యూటర్‌ను కీబోర్డుతోనే నడుపుతారు. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైఖేల్ కరన్ కూడా చూపు లేని వ్యక్తే. మనం వేగం కోసం నేర్చుకునే మీటలే వాళ్లకు దారి.

"మా ఇంట్ల కంప్యూటర్ లేదు మేడం." ఈ మాట మీటింగ్‌లో ఎవరూ పైకి అనలేదు. అయిపోయాక ఒకావిడ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫోన్‌లో కూడా ఫైల్ మేనేజర్ ఉంటుంది. అందులో ఇంట్లో ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఫోల్డర్ చేసి, సర్టిఫికెట్లకు సరైన పేర్లు పెట్టించండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది. మిగతా సగం ల్యాబ్‌లో నేను చూసుకుంటాను. ఇంట్లో మూల పడ్డ పాత ల్యాప్‌టాప్ ఉంటే పారేయకండి. విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్లు చాలానే ఉన్నాయి. వాటిలో లైనక్స్ ఉచితంగా వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కంప్యూటర్ వాడుకునేందుకు చాలా ఏళ్లుగా కృషి చేస్తోంది. అలాంటి పాత మెషీన్ మీద కూడా ఫైళ్లు సర్దుకోవడం, ట్యాబ్‌లు వాడడం హాయిగా నేర్చుకోవచ్చు.

ఈసారి మార్కులు తగ్గుతాయి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లోయర్, హయ్యర్ పాసైనవాళ్లు ఉంటారు. అక్కడ ఏ అక్షరం ఎక్కడుందో రాయమని ఎవరూ పరీక్ష పెట్టలేదు. కాగితం ఎక్కించి కొట్టమన్నారు. తప్పులు లెక్కపెట్టారు. ముప్పై ఏళ్లయినా మీ వేళ్లు ఆ వరుసను మరిచిపోలేదు. మా పిల్లలేమో షార్ట్‌కట్‌లను ఎక్కాల్లా బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరుసటి వారానికి మరిచిపోతున్నారు. ఆ తప్పు పిల్లలది కాదు, ప్రశ్నపత్రం తయారు చేసిన మాది.

అందుకే మన శాఖలో ఈ టర్మ్ నుంచి ఎనిమిదో తరగతి కంప్యూటర్ యూనిట్ టెస్టులో సగం మార్కులు మెషీన్ మీదే వేస్తామని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఒప్పుకున్నారు. పరీక్ష ఇలా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో చిందరవందర పేర్లతో పన్నెండు ఫైళ్లు ఇస్తాం. అవి ముగ్గురు మనుషులకు చెందినవి. పది నిమిషాల్లో ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్ చేసి, ప్రతి ఫైలునూ తెరిచి చూసి, పేరు మార్చి, ఎవరిది వారి ఫోల్డర్‌లో పెట్టాలి. అన్నింటికంటే పెద్ద ఫైలు ఏదో చెప్పాలి. మౌస్ వాడినా, మీటలు వాడినా మార్కులు సమానమే. తమ్ముడిది అక్క ఫోల్డర్‌లో పడితే మాత్రం ఆ ఫైలుకు సున్నా.

మార్కులు లేకుండా ఒకసారి పెట్టి చూశాం. క్లాసులో మొదటి ర్యాంకులు తెచ్చుకునే పిల్లలు కూడా కొందరు ఫోల్డర్ చేయడం దగ్గరే ఆగిపోయారు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి అందరికంటే ముందు పూర్తి చేశాడు. ఎలా వచ్చిందిరా అంటే, వాళ్ల మామ ఫొటో స్టూడియోలో సెలవుల్లో పెళ్లి ఫొటోలు సర్దుతాడట. "అక్కడ ఒక్క ఫొటో అటిటు పోయినా మామ ఊకోడు మేడం" అన్నాడు.

కాబట్టి ముందే చెబుతున్నాను. ఈసారి ప్రోగ్రెస్ రిపోర్టులో కంప్యూటర్ మార్కులు తగ్గవచ్చు. ఎప్పుడూ తొంభై పైన తెచ్చుకునే పిల్లకు అరవై రావచ్చు. ఫీజు కట్టి చదివిస్తున్నాం, మార్కులెందుకు తగ్గాయని మీరు ఫోన్ చేస్తారని తెలుసు. చేయండి, మాట్లాడతాను. కానీ పిల్లను కోప్పడకండి. పాత పద్ధతిలో తొంభై ఆరు వేసి పంపిన ఒక పిల్లకు ఏమైందో పైన రాశాను. అలాంటి తొంభై ఆరు ఇంకొకరికి వేయడం నాకిష్టం లేదు.

మీ నుంచి నేను కోరేది మూడు పనులు. మొదటిది, ఈ ఆదివారం ఇంట్లో కంప్యూటర్ ముందో, ఫోన్ ముందో పిల్లతో పాటు కూర్చొని, కుటుంబంలో ప్రతి ఒక్కరి పత్రాలకూ ఫోల్డర్లు చేయించండి. మీరు చేయకండి, పిల్ల చేత చేయించండి. రెండోది, ఏ దరఖాస్తు వచ్చినా ఆఖరి తేదీకి వారం ముందు పిల్ల చేత నింపించి, మీరు పక్కన కూర్చొని సరిచూడండి. నెట్ సెంటర్‌కు వెళ్లక తప్పకపోతే, పేర్లు పెట్టిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, వచ్చేముందు అక్కడి కంప్యూటర్‌లోంచి వాటిని పిల్ల చేతే తుడిపించండి. మూడోది మన స్కూలుకు సంబంధించింది. రివిజన్ క్లాసుల కోసం కంప్యూటర్ పీరియడ్ తీసేస్తున్నారని తెలిస్తే, మీటింగ్‌లో అడగండి. ఐఐటీ ఫౌండేషన్ క్లాసు ఒకటి పోతే మీరు ఊరుకోరు. దీన్ని కూడా అలాగే అడిగితే మాకూ బలం.

మీటింగ్‌లో ట్యాబ్ కొనాలా అని అడిగిన ఆ తల్లికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. వద్దమ్మా, కొత్తది ఏదీ కొనొద్దు. రేపు మీ పాప ఇంటికి వచ్చాక, "నీ సైన్స్ ప్రాజెక్టు ఎక్కడ పెట్టినవ్, చూపియ్" అని అడగండి. ఎక్కడుందో వెంటనే తీసి చూపిస్తే, మీరు కట్టిన ఫీజులో ఈ సబ్జెక్టు వంతు ముట్టినట్టే. చూపించలేకపోతే నాకు డైరీలో ఒక లైను రాసి పంపండి. ఆ పాపను శనివారం ల్యాబ్‌లో నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటాను.

కంప్యూటర్ టీచర్, వనపర్తి శాఖ